దాచుకున్న వేడి



మార్గశిరం వచ్చిందంటే గిద్దలూరు, దిగువమెట్ట వైపు తెల్లవారుజామున నల్లమల గాలి ఒంటికి తగులుతుంది. కంభంలో చెరువు మీదుగా వచ్చే గాలీ అంతే. ఎండాకాలంలో నిప్పులు చెరిగే మన పశ్చిమ ప్రకాశంలో కూడా ఆ రెండు మూడు నెలలు వేణ్ణీళ్లు లేకపోతే ముసలివాళ్లకు, బాలింతలకు, బడికి పోయే పిల్లలకు స్నానం కష్టమే. ఒకప్పుడు పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కాగు ఉండేది. కాస్త కలిగిన ఇళ్లలో రాగి బాయిలర్ ఉండేది. కంపపుల్లలు, కంది కట్టె వేసి కాచేవాళ్లు. ఇప్పుడు మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఫ్లాట్‌లో కట్టెల పొయ్యికి చోటు లేదు, పొగ పోయే దారీ లేదు. అందుకే స్నానాల గదిలో గోడకు గీజర్ వచ్చింది.

గీజర్ కొనేటప్పుడు ధర అడుగుతాం, రంగు చూస్తాం, గ్యారంటీ ఎన్నేళ్లో కనుక్కుంటాం. గోడకు బిగించాక మళ్లీ దాని జోలికి పోం. నీళ్లు వేడిగా వస్తున్నంతకాలం దాని గురించి ఆలోచించం. కరెంటు బిల్లు పెరిగినప్పుడో, డ్రమ్ము కారినప్పుడో, నీళ్లు ముట్టుకుంటే చేయి జిల్లుమన్నప్పుడో గుర్తొస్తుంది. గీజర్ అంటే వేడిని దాచిపెట్టే పెట్టె. దాచేది ఏదైనా సరే, ఎంత దాచాలి, ఎప్పుడు దాచాలి, ఎంతసేపు ఉంచాలి అన్న మూడు సంగతులు తెలిసి వాడితేనే అది మనకు ఉపయోగం. ఈ ప్రసంగంలో ఆ మూడింటి గురించే చెబుతాను. మన నీళ్లకూ మన నేలకూ తగ్గట్టు ఎలా వాడుకోవాలో కూడా చెబుతాను.

ముందు ఆ పెట్టెలో ఏముందో చూద్దాం. లోపల ఒక డ్రమ్ము ఉంటుంది. సాధారణంగా ఉక్కుతో చేసి, లోపలివైపు గాజు లాంటి పూత పూస్తారు. డ్రమ్ముకూ బయటి కవరుకూ మధ్య వేడి బయటకు పోకుండా నురుగు లాంటి పదార్థం దట్టించి ఉంటుంది. డ్రమ్ములో కరెంటుతో కాగే కాయిల్ ఉంటుంది. నీళ్లు మనం పెట్టిన వేడికి చేరగానే కరెంటు ఆపేది థర్మోస్టాట్. చన్నీళ్లు కింద నుంచి లోపలికి వస్తాయి, వేణ్ణీళ్లు పైన ఉన్న గొట్టం నుంచి బయటకు పోతాయి. కింద నుంచి చన్నీళ్లు వచ్చి తోస్తేనే పైనున్న వేణ్ణీళ్లు బయటికి వస్తాయి. ఓవర్ హెడ్ ట్యాంకులో నీళ్లు అయిపోతే గీజర్ నిండా వేణ్ణీళ్లున్నా కుళాయిలో చుక్క రాకపోవడానికి కారణం ఇదే.

ఇక లెక్క. ఫ్లాట్లలో ఎక్కువగా పెట్టేది 15 లీటర్ల గీజర్, 2 కిలోవాట్ల కాయిల్. 25 డిగ్రీలున్న 15 లీటర్ల నీళ్లను 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.6 యూనిట్ కరెంటు పడుతుంది. అంటే 18, 20 నిమిషాల పని. 60 డిగ్రీల నీళ్లు ఎవరూ ఒంటిమీద పోసుకోరు కదా, చన్నీళ్లు కలుపుకొని 40 డిగ్రీలకు తెచ్చుకుంటాం. 15 లీటర్ల వేణ్ణీళ్లకు 20 లీటర్ల చన్నీళ్లు కలిపితే 35 లీటర్ల గోరువెచ్చని నీళ్లు అవుతాయి. అంటే రెండు బకెట్లు. ఒక మనిషి హాయిగా స్నానం చేయడానికి అది చాలు. పొదుపుగా వాడితే ఇద్దరికీ సరిపోతుంది.

కాబట్టి తెల్లవారుజామున 4 గంటలకు స్విచ్ వేసి 6 గంటలకు స్నానానికి పోవాల్సిన పని లేదు. 20 నిమిషాల ముందు వేస్తే చాలు. అయితే పల్లెల్లో లో వోల్టేజీ ఉన్నచోట ఇంకొంచెం సమయం పడుతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే కాయిల్ శక్తి నూటికి అరవై పాళ్లకు పడిపోతుంది. 18 నిమిషాల్లో కాగే నీళ్లు అరగంటకు కాగుతాయి. గీజర్ పాడైందని కంగారు పడకండి. వోల్టేజీ తగ్గినా కాగడానికి పట్టే యూనిట్లు దాదాపు అంతే, సమయం మాత్రమే పెరుగుతుంది.

ఇప్పుడు బిల్లు సంగతి. నలుగురున్న ఇంట్లో మనిషికి ఒక డ్రమ్ము చొప్పున వాడితే రోజుకు దాదాపు రెండున్నర యూనిట్లు, నెలకు 70, 75 యూనిట్లు అవుతాయి. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు ధర శ్లాబుల మీద నడుస్తుంది. 2022–23 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు నాలుగున్నర, 225 వరకు 6 రూపాయలు. 225 దాటితే ఒక్కసారిగా 8 రూపాయల 75 పైసలు. దీనిమీద ఇంధన సర్దుబాటు లాంటివి వేరే కలుస్తాయి. గీజర్ వాడే యూనిట్లు ఎప్పుడూ మన మామూలు వాడకం మీద అదనంగా వచ్చి చేరేవే. అంటే అవి పై శ్లాబు ధరకే పడతాయి. చలికాలంలో బిల్లు ఉన్నట్టుండి పెరిగిందని అనిపించడానికి అసలు కారణం ఇది.

స్నానానికి ఖర్చయిన కరెంటు ఎటూ తప్పదు. వాడకుండా పోయే కరెంటు మాట వేరు. గీజర్ స్విచ్ రోజంతా వేసే ఉంచితే నీళ్లు మెల్లగా చల్లారుతూ ఉంటాయి. థర్మోస్టాట్ మళ్లీ మళ్లీ కాస్తూ ఉంటుంది. ఎవరూ చెంబెడు నీళ్లు వాడకపోయినా కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. గీజర్ మీద అంటించే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి స్టార్ లేబుల్ చెప్పేది ఈ నష్టాన్నే. ఒక రోజంతా నీళ్లను వేడిగా ఉంచడానికి ఎన్ని యూనిట్లు వృథాగా పోతాయో దాన్నిబట్టి స్టార్లు ఇస్తారు. స్టార్లు ఎక్కువ ఉంటే వేడి బాగా నిలుస్తుందని అర్థం. నీళ్లు త్వరగా కాగుతాయనీ, కాచడానికి కరెంటు తక్కువ పడుతుందనీ అర్థం కాదు. ఏ కంపెనీ గీజర్ అయినా 15 లీటర్లు కాచడానికి ఆ 0.6 యూనిట్ కావలసిందే.

అందుకే ఇంట్లో స్నానాలన్నీ ఒకదాని వెంట ఒకటి ముగించండి. చివరి మనిషి లోపలికి వెళ్లేటప్పుడే స్విచ్ తీసేయండి. డ్రమ్ములో ఉన్న వేడి వాళ్లకు సరిపోతుంది. స్నానం అయ్యాక డ్రమ్ము నిండా మళ్లీ కాచి పెట్టుకోవడం వల్ల లాభమేమీ లేదు, సాయంత్రానికి చల్లారిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా అసలు గీజర్ అక్కరే లేదు. మన ఎండకు మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లే కాగి ఉంటాయి.

ఇంకొక ముఖ్యమైన సంగతి, మన నీళ్లు. గీజర్లు తయారుచేసే ఊళ్లలో నీళ్లు వేరు, మార్కాపురం బోరు నీళ్లు వేరు. నాగార్జునసాగర్ నీళ్లు వచ్చిన రోజు ఆ నీళ్లు, రాని రోజు బోరు నీళ్లు, అవీ చాలకపోతే ట్యాంకర్. అపార్ట్‌మెంట్ సంపులో ఇవన్నీ కలిసిపోతాయి. మన బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి చారలు కడతాయి, కుళాయి చుట్టూ సున్నంలా పేరుకుంటుంది. భూమిలోని రాళ్ల గుండా ఊరి వచ్చేటప్పుడు నీళ్లు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొని తెస్తాయి. దాన్నే కాఠిన్యం అంటాం. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉంటే మంచిది. వేరే గతి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు.

ఈ నీళ్లు చల్లగా ఉన్నంతసేపు ఆ లవణాలు కరిగే ఉంటాయి. కాచినప్పుడు నీళ్లలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. అంతవరకు కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ కరగని సున్నపురాయిగా మారి కాయిల్ మీద, డ్రమ్ము గోడలకు పొరలు కడుతుంది. లెక్క వేసి చూడండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్లు రోజుకు 60 లీటర్లు కాచారనుకుందాం. రోజుకు 30 గ్రాముల లవణం గీజర్‌లోకి పోతుంది. అందులో పదో వంతు మాత్రమే లోపల నిలిచిందనుకున్నా రోజుకు 3 గ్రాములు, ఏడాది పొడుగునా వాడితే కిలో పైమాటే.

కాయిల్ మీద సున్నం పొర కడితే దాని వేడి నీళ్లకు సరిగా చేరదు. కాయిల్ లోలోపలే కాలిపోయి తెగుతుంది. కాగేటప్పుడు గీజర్‌లో చిటపటమనో గురగురమనో శబ్దం వస్తోందా? లోపల సున్నం చేరిందని అర్థం. ఇంతకుముందు 20 నిమిషాల్లో కాగే నీళ్లకు ఇప్పుడు 40 నిమిషాలు పడుతున్నా, వేణ్ణీళ్లు రెండు బకెట్లకు బదులు ఒక బకెట్టే వస్తున్నా అనుమానించవలసింది దాన్నే. మన నీళ్లకు ఏడాదికొకసారి, వీలైతే చలికాలం మొదలయ్యే ముందు, తెలిసిన మనిషిని పిలిచి గీజర్ విప్పించి కాయిల్ శుభ్రం చేయించండి. అదే రోజు లోపలున్న మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. దాన్ని యానోడ్ రాడ్ అంటారు. తుప్పు డ్రమ్మును తినకుండా తనను తాను తినిపించుకునే కడ్డీ అది. లవణాలు ఎక్కువున్న నీళ్లలో త్వరగా అరిగిపోతుంది. అది అరిగిపోయాక తుప్పు డ్రమ్ము మీద పడుతుంది. డ్రమ్ము చిల్లుపడితే గీజర్ పారేయడమే తప్ప బాగుచేసేది ఉండదు. తక్కువ ఖర్చుతో పోయే కడ్డీని పట్టించుకోక మొత్తం గీజర్‌ను పోగొట్టుకుంటున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి.

వేడి ఎంత పెట్టాలన్నది కూడా నీళ్లతో ముడిపడిన విషయమే. వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువ కడుతుంది, 60 డిగ్రీలు దాటితే మరీ త్వరగా. అందుకని 75 దాకా తిప్పి పెట్టకండి. అలాగని మరీ తగ్గించి గోరువెచ్చగా నిల్వ ఉంచడమూ మంచిది కాదు. 25 నుంచి 45 డిగ్రీల మధ్య కదలకుండా నిలిచిన నీళ్లలో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర అది చచ్చిపోతుంది. రోజూ 55 దగ్గర వాడుకుంటూ, వారానికొకసారి 60కి తెచ్చి వాడటం మన నీళ్లకు సరైన పద్ధతి. ఊరికి పోయి చాలా రోజుల తర్వాత వస్తే ముందు నీళ్లు బాగా కాచి, కాసేపు కుళాయి వదిలేసి, ఆ తర్వాత స్నానం చేయండి.

ఇంట్లో పిల్లలుంటే ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని అయిదారు సెకన్లలో కాల్చేస్తాయి. పసిబిడ్డల చర్మానికి అంతసేపు కూడా పట్టదు. బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టండి, తర్వాత వేణ్ణీళ్లు కలపండి. ముందు వేణ్ణీళ్లు పట్టి, చన్నీళ్ల కోసం అటు తిరిగిన క్షణంలోనే పిల్లలు చేయి పెడతారు.

ఫ్లోరైడ్ గురించి కూడా చెప్పాలి. మార్కాపురం, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఎన్నో ఏళ్లుగా ఉంది. పళ్ల మీద గారలు, వంగిన నడుములు, బిగిసిన కీళ్లు మన పల్లెల్లో చూస్తున్నవే. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేనిచోట ఒకటిన్నర వరకు హద్దు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని కొందరు నమ్ముతారు. పోదు. కాగినప్పుడు నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ మిగిలిపోతుంది. అంటే మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి గ్యాసు ఆదా అవుతుందని గీజర్ నీళ్లు పట్టి ఎసరు పెట్టకండి. టీ కాచకండి. బిడ్డ పాలపొడి కలపకండి. గీజర్ నీళ్లు స్నానానికి, గిన్నెలు కడుక్కోవడానికి మాత్రమే. తాగడానికి, వంటకు సాగర్ నీళ్లో ఆర్‌ఓ నీళ్లో వాడండి.

ఇక ప్రాణాలకు సంబంధించిన సంగతి, ఎర్త్. గీజర్‌లో కరెంటూ నీళ్లూ ఒకే డబ్బాలో ఉంటాయి. కాయిల్ పగిలితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. అప్పుడు ఆ కరెంటును భూమిలోకి తీసుకుపోయే దారి ఎర్త్ వైరు. ఆ దారి సరిగా లేకపోతే తడి ఒంటితో ఉన్న మనిషే దారి అవుతాడు. మన నేల సంగతి మీకు తెలియనిది కాదు. మార్కాపురం చుట్టూ పలకరాయి నేల. ఒకప్పుడు దేశమంతా పిల్లల చేతుల్లో ఉన్న పలకలు ఈ నేలలోంచి వెళ్లినవే. ఎండిన రాతి నేల కరెంటును సులువుగా తీసుకోదు. నల్లరేగడిలో, తడి నేలలో పనిచేసినట్టు ఎర్త్ ఇక్కడ పనిచేయదు. కాబట్టి ఎర్త్ గుంత లోతుగా తీయించి, బొగ్గూ ఉప్పూ వేయించి, గొట్టం గుండా అప్పుడప్పుడు నీళ్లు పోస్తూ ఉండాలి. వేసవిలో మరీ ముఖ్యం. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ సమావేశంలో రంగులు, లిఫ్టు గురించి మాట్లాడేటప్పుడు ఎర్త్ గుంత గురించి కూడా అడగండి. ఏడాదికొకసారి ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ కొలిపించండి.

దాంతోపాటు మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు ఎక్కడైనా దారి తప్పి లీకైతే కనురెప్ప పాటులో సరఫరా ఆపేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి. నొక్కగానే పడిపోతే బాగున్నట్టు. గీజర్‌కు 16 యాంపియర్ల సాకెట్, దానికి తగ్గ మందం వైరు ఉండాలి. సెల్‌ఫోన్ చార్జర్ పెట్టే చిన్న ప్లగ్గులో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టు లోడు ఎన్ని కిలోవాట్లో రాసి ఉంటుంది. రెండు గీజర్లు, ఏసీ ఒకేసారి వేస్తే అది దాటిపోవచ్చు.

గీజర్ కింద చిన్న సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. కాగేటప్పుడు నీళ్లు ఉబ్బుతాయి కాబట్టి దాంట్లోంచి చుక్కలు కారడం సహజం. కారుతోందని దానికి గుడ్డ కట్టడం, ఎంసీల్ పెట్టి మూసేయడం చేయకండి. థర్మోస్టాట్ పాడైన రోజు డ్రమ్ము పగలకుండా కాపాడేది ఆ వాల్వే. కొత్తగా బిగించాకా, శుభ్రం చేయించాకా వేణ్ణీళ్ల కుళాయి తిప్పి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాతే స్విచ్ వేయండి. డ్రమ్ము ఖాళీగా ఉండగా కరెంటిస్తే కాయిల్ కాలిపోతుంది. గీజర్ లేని ఇళ్లలో బకెట్‌లో హీటర్ రాడ్ పెడతారు. రాడ్ వేసి ఉండగా నీళ్లు వేడెక్కాయా అని వేలు పెట్టి చూడటం ఎన్నో ప్రాణాలు తీసింది. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే ముట్టుకోండి. గ్యాస్ గీజర్ అయితే స్నానాల గది లోపల అసలు పెట్టకండి. మూసిన గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ విడుస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, స్పృహ తప్పేదాకా మనిషికి తెలియదు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. మన ఊళ్ల నుంచి చదువులకని బ్రిటన్ వెళ్లిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. అక్కడ గ్యాసు కనెక్షన్ లేని పాత ఫ్లాట్లలో గది వెచ్చగా ఉండటానికి గోడ పక్కన ఒక బరువైన ఇనుప డబ్బా ఉంటుంది. దాన్ని స్టోరేజ్ హీటర్ అంటారు. అది ఎలా పనిచేస్తుందో మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన మిద్దె పగలంతా ఎండను పీల్చుకొని రాత్రి రెండు గంటల దాకా ఇంట్లోకి వేడి వదులుతుంది చూడండి, అదీ అంతే. ఆ డబ్బా నిండా బరువైన ఇటుకలుంటాయి. రాత్రి కరెంటుతో వాటిని కాస్తారు. పగలు అవి మెల్లగా గదిలోకి వేడిని వదులుతాయి.

రాత్రే ఎందుకు కాస్తారంటే, బొగ్గు, అణు విద్యుత్ కేంద్రాలను రాత్రి ఆపడం కష్టం. అందరూ నిద్రపోయే వేళ కరెంటు మిగిలిపోతుంది. మిగిలినదాన్ని చవగ్గా ఇవ్వడానికి 1978లో బ్రిటన్‌లో ఎకానమీ 7 అనే టారిఫ్ పెట్టారు. రాత్రి 7 గంటలు తక్కువ ధర, పగలు మామూలు కన్నా ఎక్కువ ధర. మీటర్‌లో రెండు రీడింగులుంటాయి. రేడియో శ్రోతలకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి చెబుతాను. లక్షల ఇళ్లలో ఈ హీటర్లను వేళకు వేయడం, ఆపడం రేడియో సంకేతంతోనే జరిగేది. బీబీసీ రేడియో 4 లాంగ్‌వేవ్ ప్రసారం, 198 కిలోహెర్ట్జ్ మీద, వార్తలతోపాటు వినబడని సంకేతాలను కూడా మోసుకెళ్లేది. ఇంట్లో మీటర్ పక్కనున్న పెట్టె ఆ సంకేతం అందుకొని హీటర్‌కు కరెంటిచ్చేది. 1980లలో మొదలైన ఆ ఏర్పాటును 2025 జూన్ 30 నుంచి దశలవారీగా ఆపేయడం మొదలుపెట్టారు, ఆ పెట్టెల చోట స్మార్ట్ మీటర్లు వచ్చాయి.

మీ పిల్లలు అలాంటి ఫ్లాట్‌లో ఉంటే ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పండి. ఆ హీటర్ మీద రెండు మీటలుంటాయి. ఇన్‌పుట్ అన్నది ఈ రాత్రి ఎంత వేడి నింపుకోవాలో చెబుతుంది. అవుట్‌పుట్ అన్నది ఆ వేడి గదిలోకి ఎంత వదలాలో చెబుతుంది. ఇప్పుడు చలేస్తోందని ఇన్‌పుట్ పెంచితే ఇప్పుడు వెచ్చబడదు, అది రేపటి కోసం. కాబట్టి రేపటి వాతావరణం చూసి పెట్టుకోవాలి. పడుకునే ముందు అవుట్‌పుట్ పూర్తిగా తగ్గించాలి. లేకపోతే రాత్రి నింపిన వేడి తెల్లారేసరికే ఖాళీ అవుతుంది. సాయంత్రం కాలేజీ నుంచో పని నుంచో వచ్చేసరికి గది చల్లబడి ఉంటుంది. అప్పుడు ప్లగ్గు హీటర్ పెడతారు, పగటి ధరకు బిల్లు మోగిపోతుంది. పగలు ఇంట్లో ఎవరూ లేకపోతే అవుట్‌పుట్ తగ్గించే ఉంచి, సాయంత్రం వచ్చాక పెంచుకోవాలి. దాని మీద తడి బట్టలు ఆరేయకూడదు, నిప్పంటుకుంటుంది. ఎండలు వచ్చాక గోడ మీది స్విచ్ ఆపేయాలి. అసలు ఫ్లాట్‌లో స్టోరేజ్ హీటర్ వాడకుండా ఎకానమీ 7 టారిఫ్ మాత్రం ఉంచుకుంటే నష్టమే, పగటి ధర ఎక్కువ కట్టాల్సి వస్తుంది. చేరిన వారంలోనే ఇంటి ఓనరును అడిగి తమ టారిఫ్ ఏదో తెలుసుకోమనండి.

బ్రిటన్ కథ ఎందుకు చెప్పానంటే అందులో మన రేపటికి పనికొచ్చే సంగతి ఉంది. అక్కడ చవక కరెంటు రాత్రిది. మనకు మిగులుతున్నది పగటి కరెంటు. నల్లమల అవతల కర్నూలు వైపు పాణ్యం దగ్గర 2017లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఎండ మండే మధ్యాహ్నం కరెంటు దండిగా తయారవుతుంది. పొద్దుగూకగానే తగ్గిపోతుంది. అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు అన్నీ పడతాయి. 2023లో కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల సవరణ నిబంధనలు వేళను బట్టి ధర ఉండాలంటున్నాయి. స్మార్ట్ మీటర్ పెట్టాక, ఎండ ఉన్న వేళల్లో మామూలు కన్నా కనీసం నూటికి 20 తక్కువ, ఎక్కువ డిమాండు ఉన్న వేళల్లో కనీసం నూటికి 10 ఎక్కువ ధర ఉండాలన్నది వాటి సారాంశం. మీ ఇంటికి అది వర్తించిన రోజు సాయంత్రం స్నానానికి మధ్యాహ్నం 3 గంటలకే నీళ్లు కాచి పెట్టుకోవడం లాభం. అప్పుడు వేడిని బాగా నిలిపే 5 స్టార్ గీజర్ నిజంగా విలువైనదవుతుంది.

మిద్దె మీద హక్కున్నవాళ్లు ఇంకా ముందుకు పోవచ్చు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి మీద సోలార్ పలకలకు 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆ పైన అయితే మొత్తం 78,000 రూపాయలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయలు ఇస్తారు. నేరుగా నీళ్లు కాచే సోలార్ హీటర్ పెట్టాలనుకుంటే, మన బోరు నీళ్లకు సన్నటి రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ రకం సున్నంతో మూసుకుపోతుంది. గాజు గొట్టాల రకం మనకు నయం. ఎండకు మనకు కొరత లేదు. వేసవిలో మనల్ని బాధించే ఆ ఎండే చలికాలంలో మనకు వేణ్ణీళ్లు ఇవ్వగలదు.

శ్రోతలారా, ఈ చలికాలం మొదలయ్యే ముందు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. గీజర్ విప్పించి సున్నం తీయించండి, యానోడ్ కడ్డీ చూపించండి. ఆర్‌సీసీబీ బటన్ నొక్కి చూడండి. ఎర్త్ గుంతలో నీళ్లు పోయండి. ఆ రోజు నుంచి స్నానానికి 20 నిమిషాల ముందు స్విచ్ వేయండి, చివరి మనిషి లోపలికి వెళ్లేటప్పుడు తీసేయండి. గీజర్ నీళ్లతో వంట చేయవద్దని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పనిలో సాయం చేసేవాళ్లకు చెప్పండి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. బిల్లు కొంత తగ్గుతుంది, గీజర్ ఇంకొన్నేళ్లు నిలుస్తుంది, అన్నిటికన్నా మించి మీ ఇంట్లోవాళ్లు క్షేమంగా ఉంటారు. ఈ పనులను వాయిదా వేయకండి.